నీచు వాసనపై మన పుస్తకముల తీర్పు

గత వర్షాకాలములో ఒక ఆదివారమునాడు ఖమ్మములో మా సహోపాధ్యాయుడొకరి ఇంట వియత్నాం దేశపు నూడుల్సు పులుసు వండినారు. దాని పేరు 'ఫో'. ఇరువదవ శతాబ్ది తొలినాళ్ళలో ఉత్తర వియత్నాములో, నామ్‌దిన్, హనోయ్ ప్రాంతములలో అది వాడుకలోకి వచ్చినది. ఎముకలను గంటల తరబడి సన్నని సెగమీద ఉడికించి, ఆ రసములో కాల్చిన అల్లము, కాల్చిన ఉల్లి, అనాసపువ్వు, దాల్చినచెక్క వేసి, చేపలను ఉప్పులో ఊరవేసి తీసిన ద్రవముతో రుచి కూర్చి, బియ్యపు సేమ్యామీద పోసుకొందురు. అక్కడ గొడ్డు ఎముకలు వాడుదురు. మా మిత్రుని కుమారుడు మేక బొమికలు తెచ్చినాడు. హైదరాబాదులో ఉద్యోగము చేయు ఆ అబ్బాయి ఏదో భోజనశాలలో ఒకసారి తాగి ముచ్చటపడి, ఫోనులో విధానము చూచి, సంభారములన్నియు సమకూర్చుకొన్నాడు. బొమికలను పైపైన కడిగి ప్రెషర్ కుక్కరులో వేసి, సీసాలోని చేపద్రవమును మొదటనే పోసి, మూత బిగించినాడు. మూడవ విజిలుకు వీధితలుపు దాకా వాసన వచ్చినది. ఐదవ విజిలుకు క్రింది వాటాలోని ఇంటి యజమాని మెట్లెక్కి వచ్చినాడు.

“ఏం వండుతున్నరు సారూ? మెట్లమీద నిలబడలేకపోతున్నం” అని ఆయన అడిగినాడు.

నేను అప్పుడు అక్కడనే అతిథిగా ఉన్నాను. కుక్కరు మూత తీసిన తరువాత జరిగినదే ఈ వ్యాసమునకు మూలము. అబ్బాయి తల్లి పసుపు వేయుమన్నది. ఎదురింటి ఆమె నిమ్మరసము పిండుమన్నది. ఫోను అనాసపువ్వు మరి నాలుగు వేయుమన్నది. బల్లమీది వంటపుస్తకము వెనిగరు చెప్పినది. ఆదివారపు పత్రికలోని చిట్కాల పుట ఎట్టి నీచు వాసననైనను అల్లం వెల్లుల్లి ముద్ద హరించునని హామీ ఇచ్చినది. అన్నియు వేసినారు. నీచు వాసన పోలేదు. దానికి అనాసపువ్వు, నిమ్మ, వెనిగరు తోడై, ఇల్లు మందుల అంగడివలె నైనది. అబ్బాయి ఆ రసమును దొడ్డిలో పారబోసినాడు. కుక్క కూడ రెండుసార్లు మూతి పెట్టి వెనుదిరిగినది.

తరువాత వారము దినములు నాకు దొరికిన వంటపుస్తకములను, వారపత్రికల చిట్కాల పుటలను, వీటితోపాటు మా కళాశాలలో చెప్పు రసాయనశాస్త్ర పాఠ్యగ్రంథములను ముందు పెట్టుకొని, వాసనను గూర్చి అవి ఏమి చెప్పుచున్నవో చదివినాను. వంటపుస్తకమునకు పాఠ్యపుస్తకమునకు పొంతన లేదని మనము అనుకొందుము. ఈ ఒక్క విషయములో రెండింటిదీ ఒకటే లోపము.

మొదట వంటపుస్తకముల సంగతి. వాటికి 'నీచు' అను మాట ఒక్కటే రోగము. మన ఖమ్మం వైపు దానిని నీసు అందుము. మాంసమును, చేపను కూడ నీసనియే అందుము. రోగము ఒక్కటైనప్పుడు మందు ఒక్కటి చాలునని వ్రాసినవారి తలంపు. కాని ముక్కుకు ఒక్కటిగా తోచిన ఈ వాసన వెనుక ఉన్న పదార్థములు ఒకదానికొకటి చుట్టములు కూడ కావు.

సముద్రపు చేపను తీసికొనుడు. దాని కండలో ట్రైమిథైలమైన్ ఆక్సైడు అను పదార్థమున్నది. ఉప్పునీటిలో బ్రతుకుటకు, మాంసకృత్తులను చెదరకుండ నిలుపుకొనుటకు అది చేపకు ఉపకరించును. దానికి వాసన లేదు. చేప చచ్చిన తరువాత సూక్ష్మజీవులు అందులోని ఆక్సిజనును లాగివేయగా ట్రైమిథైలమైన్ మిగులును. ఇది 3 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గరనే మరుగు పదార్థము. అనగా మన వంటింటిలో అది వాయువే. అమ్మోనియా కుటుంబములోనిది, క్షారము. క్షారమునకు ఆమ్లము తగిలినచో లవణమగును. లవణము ఆవిరియై ముక్కుదాకా రాజాలదు. కావున సముద్రపు చేపకు, ఎండుచేపకు, వియత్నాం వారి చేపద్రవమునకు నిమ్మరసము మందన్న మాట నిజమే.

దీనిని పాఠకులు ఇంటనే పరీక్షించవచ్చును. ఎండుచేపలు కడిగిన నీటిని రెండు గ్లాసులలో పోసి, ఒకదానిలో చింతపండు రసము, రెండవదానిలో తమలపాకు సున్నము కలిపిన నీటి తేట పోయవలెను. కొంచెము సేపటికి మొదటి గ్లాసు నెమ్మదించును. రెండవ గ్లాసు దగ్గరకు ముఖము పెట్టవద్దని ముందే హెచ్చరించుచున్నాను. చేపముక్కలు త్వరగా ఉడుకునని వంటసోడా చిటికెడు వేయుమని ఒక పుటలో చదివినాను. ఆ సలహా ఇచ్చినవారు తమ ఇంట చేసి చూచి యుండరు.

ఇప్పుడు మన చెరువు చేప సంగతి. వైరా, పాలేరు జలాశయముల చేపలే ఖమ్మం బజారుకు ఎక్కువ. మంచినీటి చేపలో ట్రైమిథైలమైన్ ఆక్సైడు మిక్కిలి తక్కువ. కనుక తాజా బొచ్చెకు, కొర్రమీనుకు సముద్రపు నీచు ఉండదు. ఉండునది బురద వాసన. దానికి కారణమైన పదార్థమును 1965లో గెర్బర్, లెషవాలియె అను శాస్త్రజ్ఞులు వేరుచేసి 'జియోస్మిన్' అని పేరు పెట్టినారు. గ్రీకుభాషలో నేలవాసన అని అర్థము. నేలలోని, నీటిలోని కొన్ని సూక్ష్మజీవులు, నీలి ఆకుపచ్చ నాచులు దానిని తయారుచేయును. తొలకరి చినుకుకు లేచు మట్టివాసనలో ఉన్నదీ అదే. ఒక లీటరు నీటిలో గ్రాములో వందకోట్లవ వంతులు ఒక పది ఉన్నను మన ముక్కు పసిగట్టును. ఆషాఢమాసములో మొదటి వాన పడగానే వాకిట నిలిచి గుండెలనిండ పీల్చుకొనునదీ, కంచములో కనబడగానే మొగము చిట్లించునదీ ఒకే అణువు! ఉత్తరాదిని కన్నౌజు పట్టణములో మట్టివాసననే అత్తరుగా దించి అమ్ముచున్నారు.

జియోస్మిన్ ఆమ్లము తగిలిన చోట విరిగి వాసనలేని పదార్థముగా మారును. మన తల్లులు చెరువు చేపను చింతపండు పులుసు పెట్టుటలో ఈ రసాయనము దాగి యున్నది. వేపుడు చేసిన చెరువు చేప బురదవాసన కొట్టుట, పులుసు కొట్టకపోవుట అనుభవములోని మాట. కొర్రమీను గాలి పీల్చు చేప గనుక ప్రాణముతో అమ్ముదురు. దానిని రెండు మూడు దినములు మంచినీటి తొట్టిలో ఉంచిన బురద వాసన చాలవరకు తనంతట తానే తగ్గును. ఈ సంగతి ఏ చిట్కాల పుటలోను నాకు కనబడలేదు. చేపల బజారులో అమ్ము అవ్వ మాత్రము అడుగకుండనే చెప్పినది.

ఇక మా మిత్రుని ఇంటి గొడవకు మూలమైన మేక బొమికలు. మేక, గొర్రె మాంసములకు గల ప్రత్యేక వాసన వాటి కొవ్వునుండి వచ్చును. కొవ్వు ఆమ్లములలో కొన్నింటికి గొలుసులో ఒక కొమ్మ చీలియుండును. 4-మిథైల్ ఆక్టనాయిక్ ఆమ్లము అట్టిది. గొర్రెమాంసపు వాసనకు ఇట్టి ఆమ్లములు కారణమని 1975లో న్యూజిలాండు శాస్త్రజ్ఞులు తేల్చినారు. మేకపోతు వాసనలో దీని సోదరుడైన 4-ఇథైల్ ఆక్టనాయిక్ ఆమ్లమున్నది. ఇచ్చట నిమ్మరసము ఏమి చేయగలదు? వాసన ఇచ్చునది స్వయముగా ఆమ్లమే. మాంసరసములో అది చాలవరకు లవణరూపములో అణగియుండును. పులుపు పెరిగినకొద్దీ ఆ లవణము మరల ఆమ్లమై ఆవిరిగా లేచు అవకాశము పెరుగును. చేపకు మందైనది మేకకు వ్యతిరేకముగా పనిచేయుచున్నదన్నమాట. నిమ్మ తన సువాసనతో కొంత కప్పివేయును గాని, రసాయనశాస్త్రము దాని పక్షమున లేదు. మేకకు చేయవలసినది కొవ్వును తీసివేయుట. మాంసము కొట్టు మనిషికి చెప్పిన చాలును.

ఎముకలలో నెత్తురున్నది. నెత్తురులో ఇనుమున్నది. ఇనుము కొవ్వును గాలిలోని ఆక్సిజనుతో చేర్చుటకు తొందరపెట్టును. అందుచేత తుప్పువంటి, పాతనూనెవంటి వాసన పుట్టును. వండి పెట్టిన మాంసము మరునాడు వేడిచేసినప్పుడు వచ్చు అట్ట వాసన కూడ ఈ కోవలోనిదే. అమెరికాలో టిమ్స్, వాట్స్ అనువారు దానిని 1958లో వర్ణించినారు. వియత్నాం గృహిణులు ఎముకలను మొదట తెర్లు నీటిలో కొన్ని నిమిషములుంచి, ఆ నీరు పారబోసి, ఎముకలను రుద్ది కడిగి, క్రొత్త నీటితో అసలు వంట మొదలుపెట్టుదురు. తేలిన నురుగును ఓపికగా గరిటెతో తీయుదురు. తెర్లనీయరు, తెర్లినచో కొవ్వు చిన్న బిందువులై రసమంతట కలిసిపోయి మరి విడదు. మూత బిగించరు. ప్రెషర్ కుక్కరు ఇందులో ఏ ఒక్కదానికీ వీలు కల్పించదు. ఆవిరిని లోపల పోగుచేసి, విజిలు వేసినప్పుడెల్ల పిచికారీవలె ఇంటిలో చిమ్మును. చేపద్రవమును చివర వేయుదురు గాని మొదట వేసి మరిగించరు. ఎందుకో ట్రైమిథైలమైన్ సంగతి చదివిన పాఠకునికి వేరుగా చెప్పనక్కరలేదు.

మనకు ఇది క్రొత్త విద్య కాదు. మేక తలను, కాళ్ళను నిప్పులమీద కాల్చి, కత్తితో గీకి, ఉప్పు పసుపు పట్టించి రుద్ది కడిగి గాని మన ఇండ్లలో పొయ్యికెక్కించరు. ఈ క్రమములో పసుపునకు వచ్చిన కీర్తి మాత్రము నాకు అతిగా తోచుచున్నది. పసుపులోని కుర్కుమిన్ నీటిలో కరుగదు. చేపమీది జిగురును, ఎముకమీది నెత్తురును విడదీయునది ఉప్పు, చేతి రాపిడి, నీరు. పసుపు పక్కన నిలిచి దండలు వేయించుకొనుచున్నదని నా అభిప్రాయము. దీనిని ఇంటిలో చెప్పి నేను నెగ్గలేదు.

చిట్కాల పుటలపై నా అభియోగమిది: ఏ పదార్థమునకు, ఎందుచేత, ఎంత అను మూడు ప్రశ్నలలో దేనికిని జవాబు చెప్పక, వాసనను తీసివేయుటకును కప్పివేయుటకును భేదము చూపక, ఆజ్ఞలు మాత్రము జారీచేయుచున్నవి. కప్పుట వలన ముప్పు కూడ ఉన్నది. చెడిన మాంసమునకు మసాలా దట్టించిన ముక్కు మోసపోవును గాని కడుపు మోసపోదు. ముక్కు చెప్పనంత మాత్రమున క్షేమమనుకొనుటయు పొరపాటే. సూర, వంజరము వంటి చేపలను ఎండలో ఉంచినప్పుడు వాటిలో హిస్టమిన్ పెరుగును. దానికి కంపు లేదు. ఎంత ఉడికించినను విరుగదు. తిన్న కొద్దిసేపటికే ముఖము ఎర్రబారి దద్దురులు లేచును. ఇంతటి విషయమును విడిచి, ‘నీచు పోవుటకు నాలుగు లవంగములు’ అని వ్రాయుట పాఠకుని చిన్నచూపు చూచుటయే.

అయినను వంటపుస్తకములకు ఒక మెచ్చుకోలు బాకీ ఉన్నాను. ‘పచ్చి వాసన పోవువరకు వేయించవలెను’ అను వాక్యము ఏ పుస్తకములో చూచినను ఉన్నది. ఇది గడియారము లేని కాలమానము, ఉష్ణమాపకము లేని కొలత. అల్లము వెల్లుల్లి ముద్దలోని తీవ్రమైన గంధక పదార్థములు లేచిపోవు క్షణము, శనగపిండి కమ్మదనము మొదలగు క్షణము ఎన్ని నిమిషములని వ్రాసినను తప్పే అగును. పొయ్యిని బట్టి, మూకుడును బట్టి అది మారును. ముక్కునే పరికరముగా నమ్మి ఆ వాక్యము వ్రాసిన మొదటి వంటమనిషి ఎవరో గాని, ప్రయోగశాలలో మంచి సహాయకుడై యుండెడివాడు. తెలుగులో మాడు వాసన వేరు, కమురు వాసన వేరు, ముక్కిన బియ్యపు వాసన వేరు, పులిసిన వాసన వేరు. ఇన్ని మాటలున్న భాషలో మా పాఠ్యగ్రంథములు చేసినదేమి?

వాటికి రెండే మాటలు తెలియును. ఒకటి సువాసన, రెండు దుర్వాసన. ఎస్టరులు సువాసన గలవి. ఎమైనులు దుర్వాసన గలవి. హైడ్రోజన్ సల్ఫైడు కుళ్ళిన కోడిగుడ్ల దుర్వాసన గల వాయువు. పదునాలుగు సంవత్సరములుగా నేనును ఇట్లే వ్రాయించినాను. పాత గ్రంథములలో దానిని ఉదజని గంధకిదమనేవారు. పేరు మారినది గాని వర్ణన మారలేదు. రంగును గూర్చి వ్రాయునప్పుడు ‘ఈ లవణము అందవికారమైన రంగు గలది’ అని ఏ పుస్తకమైనను వ్రాయునా? నీలము అనును, లేత ఆకుపచ్చ అనును. వాసన దగ్గరకు వచ్చుసరికి మాత్రము శాస్త్రము వర్ణన మాని తీర్పు చెప్పుచున్నది.

ఆ వర్ణనకూడ అసంపూర్ణము. హైడ్రోజన్ సల్ఫైడు గాలిలో పదిలక్షల వంతులకు నూరు వంతుల ప్రాంతమునకు చేరగానే ముక్కు మొద్దుబారి ఆ వాసనను పట్టుట మానివేయును. కంపు పోయినదని మనుష్యుడు అనుకొనునదే ప్రాణము పోవు స్థితి. మురుగు గోతులలో మనుష్యులను దించుటను 2013లో చట్టము నిషేధించిన తరువాత కూడ అట్లు దిగి ఊపిరాడక మరణించినవారి వార్తలు చదువుచునే ఉన్నాము. కుళ్ళిన గుడ్ల ఉపమానము మూడు తరముల విద్యార్థులకు నోటికి వచ్చును. వాసన ఆగిపోవుటయే అపాయమను వాక్యము ఆ పుటలో ఉండవలసినది. నేను చెప్పిన పుస్తకములలో లేదు. అట్లే వంటగ్యాసునకు స్వతహాగా వాసన లేదనియు, అందులో ఇథైల్ మెర్కాప్టాన్ కావలసికొని కలుపుదురనియు చెప్పునప్పుడు ‘దుర్వాసన’ అనుట ఎంత కృతఘ్నత! 1937లో అమెరికాలోని టెక్సాసు రాష్ట్రములో న్యూ లండన్ అను ఊరి బడిలో వాసనలేని సహజవాయువు నిండి పేలి సుమారు 300 మంది, ఎక్కువమంది పిల్లలు, మరణించిన తరువాతనే అక్కడ ఈ కంపు కలుపుట చట్టమైనది.

ఈ దుర్వాసన అను మాటను గూర్చి నాకు పట్టింపు కలుగుటకు కారణము పుస్తకము కాదు, ఒక విద్యార్థిని. ఆమెది చర్ల వైపు అడవిలోని కోయగూడెము. సెలవులకు ఇంటికి పోయి వచ్చునప్పుడు ఎండబెట్టిన వెదురు మొలకలును, సంతలో కొన్న ఎండుచేపలును మూటకట్టుకొని వసతిగృహమునకు తెచ్చేది. పులియబెట్టి ఎండించిన వెదురు మొలకకు గట్టి వాసన ఉండును. తోటివారు ముక్కు మూసుకొన్నారు. కొన్నాళ్ళకు నోటీసు బల్లమీద ‘దుర్వాసన కలిగించు పదార్థములు గదులలో ఉంచరాదు’ అను కాగితము అంటించినారు. పేరు వ్రాయలేదు గాని అందరికి తెలియును. ఆ వారమే నేను తరగతిలో ఎమైనుల పాఠము చెప్పి, ‘చేపల దుర్వాసన గలవి’ అని వ్రాయించినాను. ఆమె లేచి నిలిచి అడిగినది:

“సార్, చేప వాసన గలవి అని రాస్తే మార్కులు పోతయా? దుర్వాసన అని కూడ రాయాల్నా?”

తరగతిలో కొందరు నవ్వినారు. నేను ఏమి జవాబు చెప్పితినో ఇప్పుడు జ్ఞాపకము లేదు. మంచి జవాబు మాత్రము కాదు. నోటీసు బల్లమీది మాట నా నోట కూడ విన్నదని ఆ సాయంకాలము నాకు తట్టినది. వసతిగృహపు కాగితము ఒక కాగితము మాత్రమే. పాఠ్యపుస్తకములోని మాటకు శాస్త్రపు ముద్ర ఉన్నది. అద్దె ఇండ్ల గోడలమీద ‘శాకాహారులకు మాత్రమే’ అని వ్రాసినవారికి మనము తెలియక బలమిచ్చుచున్నాము.

శాస్త్రము నిజముగా ఏమి చెప్పుచున్నదో చూడుడు. 1991లో లిండా బక్, రిచర్డు ఆక్సెల్ అనువారు ముక్కులోని వాసనగ్రాహకముల జన్యువులను కనుగొన్నారు. దానికి వారికి 2004లో నోబెల్ బహుమానము వచ్చినది. మనుష్యునిలో పనిచేయు గ్రాహకములు దాదాపు 400 రకములు. ఇవి అందరిలో ఒక్క తీరున ఉండవు. ఐస్‌లాండు ప్రజలలో జరిపి 2020లో ప్రకటించిన పరిశోధనలో, ట్రైమిథైలమైన్‌ను పట్టు గ్రాహకపు జన్యువు కొందరిలో కొద్ది మార్పుతో ఉన్నదని తేలినది. వారికి చేపకంపు కంపుగా తోచలేదు. బంగాళాదుంప అన్నవారు, గులాబి అన్నవారు కూడ ఉన్నారు. ఇంకను విచిత్రమైన ప్రయోగము ఆక్స్‌ఫర్డులో జరిగి 2005లో వెలువడినది. ఐసోవలేరిక్ ఆమ్లమును మనుష్యులకు వాసన చూపించి, ఒకమారు ‘చీజు’ అనియు మరొకమారు ‘ఒంటి కంపు’ అనియు పేరు చూపినారు. చీజు అన్నప్పుడు అదే వాసన బాగున్నదన్నారు. వారి మెదడులోని స్పందన కూడ పేరుతో పాటు మారినది. అనగా మాట ముక్కుకంటె ముందు పనిచేయుచున్నది. మనము పుస్తకములో ‘దుర్వాసన’ అని అచ్చువేసినప్పుడు చదువువారి ముక్కును కొంత తయారుచేయుచున్నామనుట అతిశయోక్తి కాదు.

వెదురు మొలకల వాసనకు ముఖ్యకారణము పారాక్రెసోల్ అను పదార్థము. పశువుల కొట్టములోని వాసనలో కూడ అది ఉన్నది. పులియునప్పుడు టైరోసిన్ అను ఎమైనో ఆమ్లమునుండి సూక్ష్మజీవులు దీనిని చేయును. పచ్చి మొలకలో టాక్సిఫిల్లిన్ అను పదార్థమున్నది. దానినుండి హైడ్రోజన్ సైనైడు పుట్టును. గూడెములలో మొలకను తరిగి, నానవేసి, మూత లేకుండ ఉడికించి, ఆ నీటిని పారబోయుట ఈ విషమును వెడలగొట్టు పద్ధతి. సైనైడు వాసనను పట్టలేని ముక్కులు పుట్టుకతోనే కొందరికి ఉండునని కూడ జ్ఞాపకముంచుకొనవలెను. ముక్కును నమ్మక నీటిని నమ్మిన ఆ పద్ధతిలో శాస్త్రమున్నది. ముక్కును మాత్రమే నమ్మిన నోటీసులో లేదు.

ఈ అడవులలో వేసవి తొలిదినములలో ఇప్పపువ్వు రాలును. దాని వాసన పట్టణమువారు కైపు వాసన అని నవ్వుదురు. ఆ పువ్వులో 2-అసిటైల్-1-పైరోలిన్ ఉన్నది. బాస్మతి బియ్యమునకు ధర తెచ్చుచున్న వాసన ఇదే అణువుది. కలకత్తా శాస్త్రజ్ఞుడు బ్రహ్మచారి తన సహచరులతో కలిసి పులి తన సరిహద్దులలో చిమ్ము ద్రవములో కూడ దీనినే చూచి 1990లో ప్రకటించినారు. విందులోని అన్నము, కోయవారి ఇప్పపువ్వు, పులి గీచిన పొలిమేర, మూడింట ఒకటే. దీనిని ఏ గదిలో ఉంచరాదని నోటీసు వ్రాయవలెనో నాకు తెలియకున్నది.

పాఠ్యగ్రంథములు తిరిగి వ్రాయు సమయము వచ్చినప్పుడు వర్ణించు మాటలు వాడవలెనని నా సూచన. ‘ట్రైమిథైలమైన్: చేప వాసన; తక్కువ మోతాదునకే తెలియును.’ ‘హైడ్రోజన్ సల్ఫైడు: కుళ్ళిన గుడ్డు వాసన, మోతాదు హెచ్చినచో వాసన తెలియదు, ప్రాణాపాయము.’ ‘జియోస్మిన్: తడిసిన మట్టి వాసన.’ అక్షరములు కూడ పెద్దగా పెరుగవు. వంటపుస్తకములవారు నీచు అను మాటను విడువనక్కరలేదు. అది మంచి తెలుగు మాట. సముద్రపు చేప నీచా, చెరువు బురదా, మేక కొవ్వా, ఎముక నెత్తురా అని ఒక్క మాట చేర్చిన చాలును, మందు దానంతట అదే మారును.

మా మిత్రుని కుమారుడు దసరాకు వచ్చినప్పుడు మరల ఫో వండినాడు. ఈసారి బొమికల కొవ్వు తీయించి, మొదటి నీరు పారబోసి, వెడల్పు గిన్నెలో మూత లేకుండ నాలుగు గంటలు సన్నసెగమీద ఉంచినాడు. అనాసపువ్వులు రెండే వేసినాడు. అల్లమును, ఉల్లిని నిప్పులమీద నల్లబడనిచ్చినాడు. చేపద్రవమును గిన్నెలలో పోసిన తరువాత చెంచాతో వేసినాడు. మేక వాసన కొంచెమున్నది. మేకది గనుక ఉండవలసినదే. ఇంటి యజమానికి ఒక గిన్నె పంపగా, ఆయన మెట్లు దిగుచునే వాసన చూచి, తాగి, ఇది తమ నాన్నమ్మ జ్వరము వచ్చినప్పుడు పెట్టే కాళ్ళ శోరువ లాగ ఉన్నదనినాడు.

ఇప్పుడు ఎమైనుల పాఠము నాడు ప్రయోగశాలలో రెండు గ్లాసులు పెట్టుచున్నాను. ఎండుచేపలు ఆ విద్యార్థినియే తెచ్చినది. సున్నపు తేట పోసిన గ్లాసును ముందు బల్లలవారు వాసన చూచి వెనుకకు తగ్గినారు. వారికి తోచిన మాటలు వ్రాయుమన్నాను. ‘రేవు’ అని ఒకరు, ‘మా మేనత్త ఇల్లు’ అని ఒకరు, ‘అమ్మోనియా సీసా’ అని నలుగురు వ్రాసినారు. ఆమె ‘సోమవారం సంత’ అని వ్రాసినది.